తీసేసిన పంక్తి

పర్లాకిమిడిలో కొమ్ముపని వీధి మలుపు దగ్గర
ఒక ట్రెడిల్, నాలుగు అక్షరాల కేసులు, ఒక పావురం.
పావురం ప్రెస్సుది కాదు, మాస్టారిది.
అప్పుడప్పుడు గాలీ మీద వాలి
నాకంటే ముందు అదే ప్రూఫు చూసేది.

ఉరిటి దండాసి మాస్టారు.
స్టేజీ ఎక్కితే ప్రొఫెసర్ దండాసి.
కోటు అద్దెది, టోపీ సొంతం.
నౌపడా చిన్నబండిలో పెట్టెలెక్కించుకుని
టెక్కలి, కాశీనగరం, గుణుపురం,
ఎక్కడ సంత ఉంటే అక్కడ దిగేవారు.
మా వీధివాళ్లే చెక్కిన గేదెకొమ్ము మంత్రదండం
ఆయన వేళ్ల మధ్య నల్లటి నీళ్లలా జారేది.

రాత్రి ఆడిన ఆటని
పొద్దున్నే రాయడానికి కూర్చునేవారు.
"నీ పొట్టా మా పొట్టా కలిపి కొడుతున్నావు" అని
బరంపురం గారడీవాళ్లు ముగ్గురు వచ్చి
అరుగు మీద కూర్చుని మధ్యాహ్నందాకా తిట్టి
వెళ్తూ వెళ్తూ తలో కాపీ కొనుక్కెళ్లారు.
బేరమాడారు కూడా.

నేను కంపోజిటర్ని.
మా కేసులో 'క్ష' ఒకటే మిగిలింది, దానికీ తోక విరిగింది.
మంచిది ఎటుపోయిందో.
అందుకే మాస్టారు ప్రేక్షకులు అని రాయరు,
చూసేవాళ్లు అంటారు.
తెలుగు ఎంత తేటగా ఉందో అని
విజయనగరం నుంచి ఎవరో మెచ్చుకుంటూ రాశారు.
ఒడియా పుస్తకానికి టైపు అరువు తెచ్చాం.
నాకు ఒడియా మాట వచ్చు, రాత రాదు.
గుండ్రటి తలల్ని పోల్చి పోల్చి పేర్చాను
చదవలేని రహస్యాన్ని, ఒక్క తప్పు లేకుండా.

అసలు సంగతి ఇది.
ప్రతి ఆటా పూర్తిగా రాసేవారు.
పూర్తిగా పేర్పించేవారు.
ఫారం బిగించే ముందు మాత్రం
పట్టకారు అందుకుని, మధ్యలోంచి
ఒక్క పంక్తి లాగేసేవారు.
ఆ సందులో నేను సీసం బద్దలు నింపేవాణ్ణి.
లాగేసిన అక్షరాల్ని కేసులో కలపనిచ్చేవారు కాదు,
దారం చుట్టి బిస్కెట్ల డబ్బాలో వేసేవారు.
"డబ్బిచ్చి కొన్నవాడికి ఇది మోసం కాదా మాస్టారూ?"
నా చెవి వెనకనుంచి రూపాయి బిళ్ల తీసి
"ఇది నీ జీతంలో పట్టుకుంటా" అన్నారు.
పట్టుకున్నారు.

ఉత్తరాలొచ్చేవి.
రాయగడ నుంచి ఒక బళ్లో పంతులు:
"అయ్యా, పద్నాలుగో పేజీ ప్రకారమే చేశాను.
గుడ్డు మాయం కాలేదు, పగిలింది.
చొక్కా పాడైంది. పిల్లలు నవ్వారు."
మాస్టారు కార్డు మీద ఒకే ముక్క రాయించారు:
"ఇంకో గుడ్డు తీసుకోండి."

మాసపత్రికకి చందాదారులు రెండువందల పన్నెండు.
ఊళ్లో వీడియో వచ్చిన ఏడాది అరవై.
ఆ తర్వాత తొమ్మిది.
అందులో ఒకాయన పోయి మూడేళ్లయిందని
వాళ్లావిడ మనియార్డరు ఫారం మీద రాసింది,
డబ్బు మాత్రం పంపింది.
కోటు అద్దెకిచ్చే కొట్టు మూసేశారు.
చిన్నబండి పట్టాలు పీకేసిన ఏడు
మాస్టారు మంచం పట్టారు, మరి లేవలేదు.
పావురం ఇంకా కొన్నాళ్లు వచ్చేది.

టైపంతా కిలోల లెక్కన తూచి పట్టుకెళ్లారు.
డబ్బా నేను తెచ్చుకున్నాను.
ముప్పయ్యేడు పంక్తులు, పాత దారం, సీసం వాసన.
తలకిందులుగా చదవడం నాకు కొత్త కాదుగానీ
చాలా రోజులు మూత తియ్యలేదు.
తీసినరోజు ముందుగా చేతికొచ్చింది
పద్నాలుగో పేజీదే.
తోక విరగని 'క్ష' అందులో ఉంది:

"ఇక్కడ ఒక్క క్షణం నువ్వు కూడా నమ్ము."

రాయగడ పంతులికి రాద్దామని
కార్డు కొనుక్కొచ్చాను.
చిరునామా వరకూ రాశాను.
ఆయన ఎన్నో గుడ్డు మీద ఉన్నాడో ఏమో,
అక్కడే ఆగాను.